కాంప్లెక్స్ మీటింగ్‌లో సీనియర్లకు సెషన్ చెప్పాలి, సలహా కావాలి

నమస్కారమండి. చంద్రగిరి దగ్గర జెడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని, ఎనిమిదేళ్ల సర్వీసు. ఈసారి స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో, అంటే చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే సమావేశంలో, లెక్కలు, సైన్స్ టీచర్ల సెషన్ నన్ను తీసుకోమన్నారు. వచ్చేవాళ్లలో ఒకాయన నాకు పదో తరగతిలో పాఠం చెప్పిన సారే! ఆయన ముందు చాక్‌పీసు పట్టుకోవాలంటేనే టెన్షన్.

పోయినసారి పీపీటీ పెట్టి చదివేశారు, సగం మంది ఫోన్లు చూసుకున్నారు. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ అంటోంది. గంటలు ఎలాగైనా నిండుతాయి లెండి.

నా ఆలోచన వేరు. మా తొమ్మిదో తరగతిలో ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అనే రాస్తారు. అట్ట చదరాన్ని నాలుగు ముక్కలు కోసి రెండు చదరాలు పక్కన పెడితే, మిగిలిన రెండు దీర్ఘచతురస్రాలు పట్టుకుని ఒక పాప "ఇవెక్కడ పెట్టాల సార్?" అంది. ఆ రెండు ముక్కలే టూ ఏబీ! అందుకే ప్రతి టీచరూ పిల్లల తప్పులున్న నోటుబుక్కు ఒకటి తెచ్చి చర్చించుకుందామని.

కానీ, "నా క్లాసులో తప్పులు వెతుకుతున్నాడు" అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారేమో? మొదట నా పిల్లల నోటుబుక్కే ముందు పెట్టాలా? ఇలా నడిపించినవాళ్లుంటే చెప్పండి. తిరుపతిలోని సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లోగానీ, రీజనల్ సైన్స్ సెంటర్‌లోగానీ టీచర్ల వర్క్‌షాప్‌కు ఎవరైనా వెళ్లారా?