ఇల్లు చూపించే వేళలు ఎవరు నిర్ణయించాలి: ఇంట్లో ఉన్నవారా, మధ్యవర్తా?

హంద్రీ గట్టు:
కర్నూలు పాతనగరంలోని మా ఇంటిని అమ్మకానికి పెట్టాము. మంచం పట్టిన మా అమ్మ, ఆమెను చూసుకుంటూ నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాము. మధ్యవర్తి ఊళ్లో పేరున్న మనిషే, అయితే ఫోను చేయకుండానే మనుషులను వెంటబెట్టుకుని వస్తున్నాడు. అమ్మకు ఒళ్లు తుడిచి బట్టలు మార్చే సమయంలో తలుపు కొడతారు. వచ్చినవారు చెప్పులతోనే వంటగదిలోకి నడుస్తారు, అలమరాలు తెరుస్తారు. ఒకాయన అమ్మ పడుకుని ఉన్న గదిని కూడా ఫోనులో వీడియో తీసుకున్నాడు. అందుకని ముందురోజే ఫోను చేయాలని, ఉదయం పది నుండి పన్నెండు వరకు, సాయంత్రం నాలుగు నుండి ఆరు వరకు మాత్రమే రావాలని, అమ్మ గదిలోకి నేను పిలిచినప్పుడే ఫోటోలు, వీడియోలు లేకుండా రావాలని చెప్పాను. ఇన్ని షరతులు పెడితే ఇల్లు అమ్ముడుపోదని ఆయన సమాధానమిచ్చాడు. నేను అడిగినదాంట్లో అన్యాయమేమైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

కె.సి. కాలువ:
చెప్పులు గుమ్మం బయట విడిచి రావడం ఎవరూ చెప్పకుండానే పాటించవలసిన మర్యాద. ఆ విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి.

బురుజు నీడ:
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి మధ్యవర్తి పక్షం కూడా వినండి. ఇప్పుడు మన ఊళ్లో ఇల్లు కొనేవారిలో చాలామంది హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తుంటారు. వారు ఆదివారం పొద్దున దిగి, రాహుకాలం, వర్జ్యం తప్పించుకుని, ఒకే విడతలో నాలుగైదు ఇళ్లు చూసుకుని రాత్రి బస్సుకు వెళ్లిపోతారు. ఆ విడతలో మీ తలుపు మూసి ఉంటే వారు మళ్లీ మీ వీధికి రారు. ఆషాఢంలో ఎవరూ కదలరు, శ్రావణం రాగానే అందరూ ఒక్కసారిగా బయలుదేరతారు, ఆ నెలలో ముందురోజు కబురు పంపడం జరిగే పని కాదు. పైగా పాతనగరంలో ఇల్లు అనగానే 2009 అక్టోబరు వరదలో నీరు ఎంత ఎత్తు వచ్చింది, గోడల్లో చెమ్మ ఇంకా ఉందా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. కింది అంతస్తులో ఏ గది మూసి ఉంచినా, దాచవలసింది ఆ గదిలోనే ఉందనుకుంటారు. ఒక గంట ముందు ఫోను చేయమంటే ఒప్పుకుంటాను. ముందురోజు అంటే కుదరదు.

తుంగభద్ర తీరం:
బురుజు నీడ గారూ, కొనేవారి సౌకర్యం గురించి చెప్పారు, మీ సౌకర్యం గురించి చెప్పారు, ఇంట్లో ఉన్న రోగి గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 211వ సెక్షను ప్రకారం ఏజెంటు తనను నియమించినవారి ఆదేశాల మేరకే పని నడపాలి. ఆదేశాలేవీ లేనప్పుడే, ఆ ఊళ్లో అటువంటి వ్యాపారంలో ఉన్న ఆనవాయితీని అనుసరించాలి. కాబట్టి వేళలు నోటిమాటగా కాక కాగితం మీద రాసి ఇవ్వండి. కాగితం లేకపోతే, ఫోను చేయకుండా రావడమే కర్నూలు ఆనవాయితీ అని రేపు ఆయన వాదిస్తాడు. రాసి ఇచ్చాక ముందురోజు అంటే ముందురోజే.

బేతంచెర్ల బండ:
ఆ మధ్యవర్తికి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ సంస్థ) నమోదు ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే ఫిర్యాదు చేయండి, దారికి వస్తాడు.

తుంగభద్ర తీరం:
ఆ దారి ఇక్కడ పనికిరాదు. 2016 నాటి రెరా చట్టంలోని 9వ సెక్షను, నమోదైన ప్రాజెక్టుల్లో ప్రమోటరు, అంటే ఆ ప్రాజెక్టు కట్టి అమ్మే సంస్థ, అమ్మే ప్లాట్లకు, ఫ్లాట్లకు మధ్యవర్తిత్వం చేసే ఏజెంట్లకు వర్తిస్తుంది. ఒక కుటుంబం తన పాత ఇంటిని మరొక కుటుంబానికి అమ్ముకోవడం దాని పరిధిలోకి రాదు. అక్కయ్య గారిని తప్పుదారి పట్టించకండి.

బురుజు నీడ:
సెక్షన్లు నేనూ చదువుకోగలను. ముందురోజు నోటీసు ఇవ్వాలని ఏ సెక్షనులో రాశారో చూపించండి. గంట ముందు ఫోను చేస్తే రోగికి దుప్పటి కప్పడానికి సమయం సరిపోదా?

తుంగభద్ర తీరం:
సరిపోదు, ఆ బాధ నాకు స్వయంగా తెలుసు. నేను అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టినప్పుడు ఆయన మధ్యవర్తి మారు తాళంచెవితో, పిలుపైనా లేకుండా తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. నా భార్య ఒక్కతే ఇంట్లో ఉంది. అడిగితే, తాళం ఇచ్చింది యజమానే కదా అన్నాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను, అద్దె చెల్లిస్తున్నంతకాలం కిరాయిదారుని అనుభవానికి అంతరాయం కలగకూడదని చెబుతుంది. యజమానిగానీ ఆయన మనుషులుగానీ ఇంటి స్థితిని పరిశీలించడానికి రావచ్చని అదే సెక్షను ఒప్పుకుంటుంది, అయితే తగిన వేళల్లోనే రావాలంటుంది. ఆ రోజు నుండి నా భార్య పగలంతా లోపల గడియ వేసుకునే కూర్చునేది. గంట ముందు ఫోను చేస్తే చాలునని అనేవారు ఆ గడియ వెనుక కూర్చుని చూడాలి.

బురుజు నీడ:
ఆ మనిషి చేసింది తప్పే, దానిని నేను సమర్థించను. అయితే ఎవరో చేసిన తప్పుకు వృత్తినంతటినీ నిందించడం న్యాయం కాదు. మా కష్టం కూడా వినండి. ఇలాగే వేళలు పెట్టిన ఒక యజమాని, నేను తీసుకువెళ్లిన కొనుగోలుదారుని ఫోను నంబరు తీసుకుని, ఇకపై నేరుగా మాట్లాడుకుంటామని నన్ను పక్కనబెట్టి, రిజిస్ట్రేషను అయ్యాక కమిషను అడిగితే మీరు చేసిందేమిటని నన్నే ప్రశ్నించారు. ఎండలో తిరిగిన తిరుగుడుకు విలువ లేకుండా పోయింది. అందుకే షరతుల జాబితా చూడగానే నాకు అనుమానం వస్తుంది. సూటిగా అడుగుతున్నాను: హంద్రీ గట్టు గారూ, మీకు ఈ ఇల్లు అమ్మాలని నిజంగా ఉందా?

కె.సి. కాలువ:
ఇది అడగవలసిన ప్రశ్న కాదు. ఆమె అడిగింది వేళల గురించి మాత్రమే.

హంద్రీ గట్టు:
అడిగారు కాబట్టి చెబుతాను. ఇల్లు అమ్మాలన్నది మా తమ్ముడి నిర్ణయం. అతను బెంగళూరులో ఉంటాడు. మధ్యవర్తిని మాట్లాడింది అతనే. ఎప్పుడైనా తీసుకురావచ్చు, అక్క మాట పట్టించుకోవద్దు అని అతను ఫోనులో చెప్పాడట. ఆ మాటను మధ్యవర్తి నా ఎదుటే, కొనడానికి వచ్చినవారు వింటుండగా అన్నాడు. నాకు కోపం వచ్చింది వేళల విషయంలో కాదు, అక్కడ. అమ్మ వైద్యానికి ఖర్చవుతున్న మాట నిజం, తమ్ముడు పంపుతున్న మాటా నిజం. కానీ ఇల్లు అమ్మాక అమ్మ ఎక్కడ ఉంటుందో, ఎప్పటికి ఖాళీ చేయాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. తలుపు కొట్టిన ప్రతిసారీ ఆమె నా ముఖం చూస్తుంది.

బేతంచెర్ల బండ:
తమ్ముడి వైపు నుండి కూడా ఆలోచించండి అక్కయ్యా. దూరంలో ఉండి డబ్బు పంపేవాడికి ఆసుపత్రి బిల్లు కనిపిస్తుంది, ఇల్లు కనిపించదు. అతని తొందరలో దురుద్దేశం ఉందని నేను అనుకోను.

తుంగభద్ర తీరం:
దురుద్దేశం లేనంత మాత్రాన అధికారం వచ్చేయదు. దస్తావేజు ఎవరి పేరున ఉంది?

హంద్రీ గట్టు:
అమ్మ పేరునే. నాన్నగారు కొన్నప్పుడే ఆమె పేరున రాయించారు.

తుంగభద్ర తీరం:
అలాగైతే ఇంతసేపూ మనం వాదించింది పక్క విషయం. ఇల్లు ఆమె పేరున ఉండి, ఆమె జీవించి ఉండగా అమ్మే హక్కు కొడుకుకూ లేదు, కూతురికీ లేదు. ఏజెంటుకు ఆదేశమివ్వవలసింది ఆమె. మీ తమ్ముడు ఎప్పుడైనా రమ్మనడం ఎంత చెల్లదో, నిజం చెప్పాలంటే మీరు పది నుండి పన్నెండు అనడమూ ఆమె మాటగా చెబితేనే చెల్లుతుంది.

బురుజు నీడ:
ఈ ఒక్క విషయంలో తుంగభద్ర తీరం గారితో ఏకీభవిస్తాను. ఆ మధ్యవర్తి స్థానంలో నేను ఉండి, ఈ సంగతి తెలిసి ఉంటే మొదట కొనేవారిని తీసుకువచ్చేవాడిని కాదు, ముందు అమ్మగారితో మాట్లాడేవాడిని. కదలలేని వారి విషయంలో రిజిస్ట్రారు ఆఫీసుకు రావలసిన అవసరం లేదు, దరఖాస్తు పెడితే అధికారి ఇంటికే వస్తారు, 1908 రిజిస్ట్రేషను చట్టంలో ఆ వీలుంది. అప్పుడు ఆ అధికారి ఈ పత్రం మీరే రాసి ఇచ్చారా అని మంచం దగ్గర ఆమెనే అడుగుతారు. ఆమెకు ఇష్టం లేదని ఆ రోజు తెలిస్తే మధ్యవర్తి, కొనేవాడు, బయానా అన్నీ గాలిలో కలిసిపోతాయి. కాబట్టి ఖాళీ చేసే తేదీని అగ్రిమెంటులోనే రాయించండి. రిజిస్ట్రేషను తరువాత కొన్ని నెలలు ఆమె ఇక్కడే ఉండాలనుకుంటే, ఆ మాట మొదటి చూపులోనే కొనేవారికి చెప్పాలి. అలా చెప్పినా కొనేవారు దొరుకుతారు, ధర కొంచెం తగ్గవచ్చు.

కె.సి. కాలువ:
తగ్గే ధరను ఎవరు భరించాలో అక్కాతమ్ముళ్లు ముందే మాట్లాడుకోవాలి. గొడవ అక్కడే మొదలవుతుంది.

హంద్రీ గట్టు:
అమ్మను ఈ సాయంత్రం అడిగాను. ఇల్లు అమ్మవద్దని ఆమె అనలేదు. వచ్చేవారు ముందుగా ఇల్లు ఎవరిదో తెలుసుకుని, ఆమెతో ఒక మాట మాట్లాడి, ఆ తరువాత గోడలు చూసుకోవాలని అన్నది. తమ్ముడు వచ్చే ఆదివారం వస్తున్నాడు. అంతవరకు ఎవరినీ తీసుకురావద్దని, ఇది అమ్మ మాటేనని మధ్యవర్తికి సందేశం పంపాను.

బురుజు నీడ:
మంచిది. అయితే ఆదివారం తరువాతైనా ముందురోజు నోటీసు మాత్రం పట్టుబట్టకండి. గంట ముందు ఫోను చాలు.

తుంగభద్ర తీరం:
ఆ గంట చాలునో చాలదో అమ్మగారినే చెప్పనివ్వండి.