రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కంచంలో దొరుకుతుందా?

కాకినాడ పాఠకురాలు:
హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన పట్టిక ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి; 2010లో అదే సంస్థ 21 చాలునన్నది. మా ఇంటి భోజనాన్ని తూచి లెక్క వేశాను. 300 గ్రాముల పాలిష్ బియ్యంలో ఉన్నది రెండు మిల్లీగ్రాములే. కందిపప్పు, తోటకూర, మిగతావన్నీ కలిపినా మొత్తం 12 దాటలేదు. తిండితో అందని అంకె పెట్టినప్పుడు స్త్రీలందరూ మాత్రలు వేసుకోవాలని సూటిగా చెప్పడమే నిజాయితీ అని నా వాదన.

తార్నాక వాసి:
అమ్మా, మీ లెక్కతో నాకు పేచీ లేదు, దాని నుంచి తీసిన తీర్పుతోనే ఉంది. అదే పట్టికలో 15 అనే మరో అంకె ఉంది. అది సగటు అవసరం, అంటే ఆరోగ్యవంతులైన స్త్రీలలో సగం మందికి సరిపోయే మోతాదు. 29 అన్నది, నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేవారితో సహా నూటికి 97 మందికి పైగా సరిపోయేలా, పైకి జరిపి గీసిన గీత. అందువల్ల 29 కన్నా తక్కువ తిన్నవారందరికీ లోపం ఉన్నట్టు కాదు. అయితే మీ 12 ఆ సగటుకు కూడా దిగువనే ఉంది కనుక మీ ఆందోళన నిరాధారమని అనలేను. తిన్న ఇనుములో దాదాపు 8 శాతమే ఒంటికి పడుతుందన్న అంచనా మీద ఈ అంకెలు నిలిచాయి. పప్పన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఆ శాతం పెరుగుతుంది, భోజనం కాగానే టీ తాగితే తగ్గుతుంది (ఈ రెండో అలవాటును మా ఇంట్లో నేనే మాన్పించలేకపోయాను). 100 గ్రాముల సజ్జల్లో ఆరు మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, కాకపోతే పిండిని పులియబెట్టి వండుకుంటేనే అది బాగా ఒంటబడుతుంది.

నల్లగొండ మిత్రుడు:
పోషకాలు కలిపిన రేషన్ బియ్యం తినే ఇళ్లను ఇద్దరూ మరిచారు. ఆ బియ్యంలో కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది ప్రమాణం. 300 గ్రాములు తింటే 8 నుంచి 13 దాకా అక్కడే వచ్చేస్తుంది. పైగా తలసేమియా అనే వంశపారంపర్య రక్త వ్యాధితో తరచూ రక్తం ఎక్కించుకునేవారికి ఒంట్లో ఇనుము పేరుకుపోవడమే ప్రమాదం. ‘అందరికీ మాత్ర’ అన్నది నేను ఒప్పుకోను.

కాకినాడ పాఠకురాలు:
‘అందరూ’ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ రక్తంలో ఎంత ఉందో పరీక్ష చేయించుకున్నాకే నా మాత్ర సంగతి తేల్చుకుంటాను. అయినా మాలాంటివారు మొదట చూసేది 29నే కనుక, దాని పక్కన 15ను కూడా అంతే పెద్ద అక్షరాలతో వేయాలన్న మాట మాత్రం వదలను.