క్రూజాన్ పిల్లల్లో ముఖం వెనకబడటానికి పుర్రె అడుగే కారణమా?

ఆమదాలవలస మేనమామ:
మా అప్ప కొడుక్కి క్రూజాన్ సిండ్రోమ్, అంటే జన్యు లోపంతో పుర్రె అతుకులు ముందే మూసుకుపోయే జబ్బు. ఏడాది నిండకముందే పుర్రె అతుకులు విడదీసే ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఐదో ఏడు. తల ఆకారం బాగుంది గానీ బుగ్గలు, పైదవడ లోపలికే ఉన్నాయి, రాత్రంతా గురక. శ్రీకాకుళంలో ఒక డాక్టరుగారు "పుర్రె అడుగు పెరగట్లేదు, లోపం అక్కడే" అన్నారు. విజయనగరంలో ఇంకొకరు అది కాదన్నారు. ఎవరి మాట పట్టుకోవాలి?

నెల్లిమర్ల పీజీ:
నేను శ్రీకాకుళం డాక్టరుగారి వైపే. ముఖం మధ్యభాగం పుర్రె అడుగు ఎముకలకే అతుక్కుని ఉంటుంది. ఆ ఎముకల మధ్య మృదులాస్థి పొరలు పెరిగితేనే అడుగు పొడవు సాగుతుంది. అన్నిటికంటే ఆలస్యంగా మూసుకునేది అడుగులోని స్ఫీనాయిడ్, ఆక్సిపిటల్ అనే ఎముకల మధ్య పొర. మామూలుగా ఈడొచ్చే వయసు దాకా తెరిచే ఉంటుంది. క్రూజాన్, దానిలాంటిదే అయిన ఏపర్ట్ జబ్బున్న పిల్లల్లో చాలామందికి ముందే మూసుకుపోతుంది. దూలమే పొట్టిదైతే ఉట్టి ముందుకెలా వస్తుందండీ? అకాండ్రోప్లేసియా (ఒక రకం మరుగుజ్జుతనం) చూడండి. పుర్రె పైఅతుకులు సాధారణంగా బాగానే ఉంటాయి, దెబ్బతినేది మృదులాస్థి ఎదుగుదల. అయినా ముక్కు మొదట్లో నొక్కుకుపోయి ముఖం వెనక్కే ఉంటుంది.

టెక్కలి పళ్ల డాక్టర్:
అకాండ్రోప్లేసియాలో తేడా ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో, క్రూజాన్‌లో ఎక్కువగా ఎఫ్‌జీఎఫ్‌ఆర్2లో. దాన్ని తెచ్చి దీనికి సాక్ష్యం పెడితే ఎలా? ఉట్టి తాళ్లే పొట్టివైతే దూలాన్ని తిట్టి ఏం లాభం? పైదవడ చుట్టూ ఉన్న అతుకుల్లోనూ అదే జన్యువు ఉంది. 1959లో మెల్విన్ మాస్ అనే పరిశోధకుడు లోపం అడుగున మొదలై పైకి పాకుతుందన్నాడు. ఆ తర్వాత కుందేలు పిల్లల్లో పైఅతుకుని జిగురుతో బిగించి చూస్తే అడుగు ఆకారం కూడా మారింది, అంటే పైనుంచి అడుక్కీ పాకొచ్చు.

నెల్లిమర్ల పీజీ:
ఆ కుందేలుకి జన్యు లోపం లేదు కదా మాస్టారూ. పైఅతుకే మూలమైతే, అది విడదీశాక ఈ బాబు ముఖం ఈపాటికి సర్దుకోవాలి. సర్దుకోలేదే! అడుగు పొర ఎంత తొందరగా మూసుకుంటే ముఖం అంత వెనకబడిందని స్కాన్లు కొలిచినవాళ్లు రాశారు కూడా.

టెక్కలి పళ్ల డాక్టర్:
రెండూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అయిపోదు. ఆ పొర ఇంకా తెరిచి ఉన్న పసిపిల్లల్లోనే ముఖం వెనకబడి కనిపిస్తుంది. బాబు ముఖం ముందుకి రాలేదన్నది నాకూ సాక్ష్యమే, ముఖం తన లోపంతో తానే ఆగింది.

ఆమదాలవలస మేనమామ:
మీరిద్దరూ తేల్చుకునేలోగా మా గుంటడికి ఏం చెయ్యమంటారు?

టెక్కలి పళ్ల డాక్టర్:
అందులో మాకు తగాదా లేదండి. నిద్ర పరీక్ష, కంటి పరీక్ష చేయించండి. టాన్సిల్స్ కూడా చూపించండి. నిద్రలో ఊపిరి బాగా ఆగుతున్నా, రెప్ప పూర్తిగా మూతపడక కన్ను దెబ్బతింటున్నా ముఖం ఆపరేషన్ ముందే ఆలోచిస్తారు. ఎముక కోసి, పరికరంతో రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ముందుకి జరుపుతారు. అవి లేకపోతే కొన్నేళ్లు ఆగమనే అంటారు. జరిపాక ముఖం మధ్యభాగం ముందుకి పెద్దగా పెరగదు, కిందిదవడ మాత్రం పెరుగుతూ పోతుంది. చిన్నప్పుడే చేస్తే పెద్దయ్యాక మళ్లీ చెయ్యాల్సి రావచ్చు.

ఆమదాలవలస మేనమామ:
పొద్దున్నే లేవగానే తలనొప్పి అంటున్నాడు. అదీ చెప్పాలా?

నెల్లిమర్ల పీజీ:
అదే ముందు చెప్పాలి. పుర్రె ఆపరేషన్ అయినవాళ్లకి కూడా లోపల ఒత్తిడి మళ్లీ పెరగొచ్చు. కంటి వెనక నరం వాచిందేమో చూస్తారు. రేపే తీసుకెళ్లండి.