నాస్తికుడైన నాన్నకి పెద్దకర్మ చేయాలా?

పటమట అమ్మాయి:
నాన్న పోయి ఎనిమిది రోజులైంది. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని నాస్తిక కేంద్రం మీటింగులకి తీసుకెళ్లేవారు. ఆయన కోరినట్టే, ఆరు గంటలు దాటకముందే కళ్లు దానం ఇచ్చేశాం. "నాకు పిండాలు పెట్టొద్దు" అని కూడా ఎన్నోసార్లు చెప్పారు. పదకొండో రోజు కర్మ జరగకపోతే ఆయనకి దారి దొరకదని అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదు. తమ్ముడు నా వంక చూస్తున్నాడు.

నిన్న పెదనాన్న అందరి ముందూ, "దేవుడంటే భయం లేనివాడికి నీతేముంటుంది, వాడి మాట పట్టించుకునేదేంటి" అన్నారు. ట్యూషన్‌కి ఒక్క రూపాయి తీసుకోని మనిషిని పట్టుకుని! రాత్రంతా నిద్ర పట్టలేదు. ఏం చేయాలి?

ఉషోదయం:
నేను రోజూ విష్ణు సహస్రనామం చదువుతాను. అయినా చెబుతున్నా, మీ పెదనాన్నగారు తప్పు మాట్లాడారు. మా మామగారు ఏటా మాల వేసుకునేవారు, చెల్లెలి వాటా పొలం మాత్రం చివరిదాకా ఇవ్వలేదు. కానీ అమ్మగారి బాధ కూడా చూడండి. మా అమ్మ పోయినప్పుడు కాకి పిండం ముట్టేదాకా నాకు ఊపిరాడలేదు. ఆవిడకి ఇప్పుడు ఆ టెన్షనే.

ఉయ్యూరు రోడ్డు:
ముదునూరులో 1940లో ఆ నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, గాంధీతో దేవుడి గురించి చాలా వాదించారు. గోరా గారి అమ్మాయి మనోరమ, దళితుడైన అర్జునరావుల పెళ్లి తన సేవాగ్రామ్ ఆశ్రమంలో చేయిస్తానని గాంధీ మాటిచ్చారు. దేవుడి పేరు బదులు సత్యం పేరున ప్రమాణం చేయించడానికీ ఒప్పుకున్నారు. ఈలోపే ఆయన్ని చంపేశారు. 1948 మార్చిలో పెళ్లి అక్కడే జరిగింది. గోరా, గాంధీ ఇద్దరూ ఎవరి నమ్మకం వాళ్లు ఉంచుకున్నారు, పిల్లల పెళ్లి ఆగలేదు. మీ ఇంట్లోనూ అలా కుదురుతుంది. తమ్ముడితో మంత్రాలు చెప్పించకండి. ఆ రోజు నాన్నగారి శిష్యుల్ని పిలిచి భోజనం పెట్టండి.

పటమట అమ్మాయి:
అమ్మకి ఇవన్నీ చదివి వినిపించాను. కాకి మాట దగ్గర చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "ఆయన వద్దన్నది పిండాన్ని కదా, అన్నాన్ని కాదుగా" అంది. పదకొండో రోజు నాన్న శిష్యులకి భోజనాలు. డాబా మీద కాకికి ముద్ద అమ్మే పెడుతుంది, నేను పక్కన నిలబడతాను. పెదనాన్న ఆ మాట అమ్మ ముందే అన్నారు. నా జవాబు కూడా అమ్మ ముందే చెబుతాను.