పారోకు విమానమా, బాగ్డోగ్రా మీదుగా రోడ్డు మార్గమా?

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరులో 68 ఏళ్ల మా అమ్మను వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి భూటాన్ వెళ్లాలనుకుంటున్నాను. ఆ దేశానికి పారో ఒక్కటే అంతర్జాతీయ విమానాశ్రయం కావడంతో, ఎక్కడ దిగాలన్న సందేహం కన్నా అక్కడికి ఎక్కడి నుంచి ఎగరాలన్న సందేహమే నన్ను ఎక్కువగా వేధిస్తోంది.

కోల్‌కతాలో విమానం మారితే రెండు టికెట్లూ వేర్వేరు సంస్థలవి అవుతాయి కాబట్టి, సామాను తీసుకుని, మళ్లీ అప్పగించి, ఇమిగ్రేషన్ దాటవలసి ఉంటుంది. పైగా పారోలో పైలట్లు కొండల నడుమ నుంచి కంటిచూపుతో, పగటివేళ మాత్రమే దిగుతారు గనుక, మబ్బు కమ్మితే విమానం ఆలస్యం కావచ్చు. ఈ పరిస్థితిలో ముందురోజు రాత్రి కోల్‌కతాలోనే బస చేయడం మంచిదా, లేక తిరుగు ప్రయాణంలో ఒక రోజు వెసులుబాటు పెట్టుకుంటే చాలునా?

రెండవ దారి పశ్చిమ బెంగాల్‌లోని బాగ్డోగ్రా విమానాశ్రయంలో దిగి, సరిహద్దు పట్టణం జైగావ్ మీదుగా భూటాన్‌లోని ఫుంట్‌షోలింగ్ చేరి, కారులో రాజధాని థింపూ వెళ్లడం. ఖర్చు తక్కువే గానీ, సరిహద్దు దాటాక అయిదారు గంటల ఘాట్ రోడ్డు అమ్మ మోకాళ్లకు పడుతుందా అన్నదే నా భయం. (ఆమెకు తిరుమల ఘాట్ ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి.) వెళ్లేటప్పుడు రోడ్డు మీద, వచ్చేటప్పుడు విమానంలో ప్రయాణించినవారు ఎవరైనా ఉన్నారా?

అమ్మకు పాస్‌పోర్టు లేదు, ఓటరు గుర్తింపు కార్డు ఉంది. భారతీయులకు అది చెల్లుతుందని తెలుసు. అయితే ఓటరు కార్డుతో విమానంలో వెళ్లినవారికి కోల్‌కతా ఇమిగ్రేషన్ వద్ద అదనపు పత్రాలేమైనా అడిగారా? దయచేసి మీ అనుభవం తెలియజేయగలరు.