బీఏఎస్ఎల్పీ తర్వాత ఏయూడీకి అమెరికా వెళ్ళాలా, ఇక్కడే ఎమ్మెస్సీ ఆడియాలజీ చేయాలా? గుంటూరు, బెజవాడ వాళ్ళు చెప్పండి

బ్రాడీపేట_అమ్మాయి

అందరికీ నమస్తే అండీ. బీఏఎస్ఎల్పీ (వినికిడి, మాటల సమస్యల మీద డిగ్రీ) ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను, త్వరలో అయిపోద్ది. స్పీచ్ వైపు కాదు, ఆడియాలజీలోకే (వినికిడి వైపు) వెళ్ళాలని గట్టిగా అనుకున్నా. ఇంట్లో రోజూ ఇదే చర్చ. నాన్న ఏమో అమెరికా పంపిస్తాను, ఏయూడీ (ఆడియాలజీలో డాక్టరేట్) చేస్తే పేరు ముందు డాక్టర్ అని ఉంటది, పెదనాన్న పిల్లలిద్దరూ ఎమ్మెస్‌కి వెళ్ళారు నువ్వెందుకు ఆగాలి, కావాలంటే తాడికొండ పొలం మీద లోన్ పెడదాం అంటున్నారు. మా సూపర్‌వైజర్ మేడమ్ ఏమో మైసూర్ ఐష్ (వినికిడి, మాటల మీద జాతీయ సంస్థ) ఎంట్రన్స్ రాయి, అక్కడ రాకపోతే మణిపాల్, చెన్నై శ్రీరామచంద్ర చూడు, ఎమ్మెస్సీ అయ్యాక బయట సంగతి చూసుకోవచ్చు అంటున్నారు. ఇవి కాక సూర్యారావుపేటలో ఒక హియరింగ్ ఎయిడ్ సెంటర్ వాళ్ళు ఇంటర్న్‌షిప్ అవ్వగానే జాయిన్ అయిపో అంటున్నారు. రెండూ మంచివే నీ ఇష్టం అని మాత్రం చెప్పకండి ప్లీజ్, ఏదో ఒకటి చెప్పి ఎందుకో కూడా చెప్పండి.

ఒహాయో_తెలుగబ్బాయి

నేను ఇక్కడ ఏయూడీ 3వ సంవత్సరం, మాది పటమట. చెల్లీ, వెళ్ళగలిగితే వెళ్ళు. ఇక్కడ ఆడియాలజిస్ట్ అంటే ఈఎన్‌టీ డాక్టర్ పక్క గదిలో ఆడియోగ్రామ్ (ఎంత వినపడుతుందో చూపే గ్రాఫ్) తీసి కాగితం పంపించే మనిషి కాదు. తలతిరుగుడు కేసులకి వీఎన్‌జీ, వెంప్ పరీక్షలు మనమే చేస్తాం, కాక్లియర్ మ్యాపింగ్ (చెవిలో పెట్టిన ఇంప్లాంట్ శబ్దాన్ని మనిషికి తగ్గట్టు సరిచేయడం), చెవిలో హోరు కౌన్సెలింగ్, ఆపరేషన్ జరిగేటప్పుడు నరం మానిటరింగ్, అన్నీ ఈ చదువులో భాగమే. 2012 నుంచి ఆషా (అమెరికా ఆడియాలజిస్టుల, స్పీచ్ వాళ్ళ సంఘం) సర్టిఫికెట్ కావాలంటే డాక్టరల్ డిగ్రీ ఉండి తీరాలి, అంటే ఎమ్మెస్సీ చేసుకుని వచ్చినా దాంతోనే ఆ సర్టిఫికెట్ రాదు, మళ్ళీ ఏయూడీలో కూర్చోవాల్సిందే, అప్పుడు ఆ రెండేళ్ళు ఎందుకు? జీతం కూడా చూడు, 2023 ప్రభుత్వ లెక్కల్లో ఆడియాలజిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి 87 వేల డాలర్ల పైనే.

అప్లికేషన్ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చాలా కాలేజీలకి సీఎస్‌డీక్యాస్ అని ఒకే పోర్టల్, అందులో ఒక్కసారి అన్నీ పెడితే చాలు, ఎన్ని కాలేజీలు ఎంచుకుంటే అన్నిటికీ వెళ్తది. మన మార్కుల లిస్టులు వెస్ (విదేశీ మార్కుల్ని అక్కడి లెక్కలోకి మార్చే సంస్థ) లాంటి చోట ఎవాల్యుయేషన్ చేయించాలి, యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్ తెప్పించడానికే టైమ్ పడుతుంది కాబట్టి అది ఇవాళే మొదలుపెట్టు. జీఆర్‌ఈ చాలా చోట్ల తీసేశారు, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ ఉండాలి, రికమండేషన్ లెటర్లు సాధారణంగా 3. గడువులు ఎక్కువ కాలేజీలకి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పడతాయి.

మైసూర్_నుంచి_గుంటూరు

తమ్ముడూ నువ్వు చెప్పినవన్నీ నిజమే, కానీ చెప్పకుండా వదిలేసినవి ఈ అమ్మాయికి ఎక్కువ ముఖ్యం. నేను ఐష్‌లో ఎమ్మెస్సీ ఆడియాలజీ చేశాను, ఇప్పుడు గుంటూరులోనే పని చేస్తున్నా.

మొదటిది. ఏయూడీ ఎక్కువ చోట్ల 4 ఏళ్ళు, దాంట్లోకి ఏ డిగ్రీ చదివినవాళ్ళైనా కొన్ని ముందస్తు సబ్జెక్టులు పూర్తి చేసి వచ్చేయొచ్చు. అంటే చెవి అనాటమీ, డెసిబెల్ అంటే ఏంటి, మాస్కింగ్ ఎప్పుడు చేయాలి, ఇవన్నీ మొదటి ఏడాది కొత్తవాళ్ళతో కలిసి నువ్వు మళ్ళీ కూర్చుని వినాలి. మనం ఇంటర్న్‌షిప్‌లోనే రోజుకి అన్ని ఆడియోగ్రామ్‌లు తీసి వచ్చినవాళ్ళం! ఆ ఏడాది ఫీజు కూడా పొలం మీద లోన్‌లోంచే కట్టాలి కదా. మొత్తం ఫీజులు, ఖర్చులు కలిపి లక్ష డాలర్లు దాటే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, మన డబ్బుల్లో 80 లక్షల పైమాటే.

రెండోది వీసా. మీ పెదనాన్న పిల్లలు చదివింది కంప్యూటర్స్ అయితే ఆ లెక్కలు నీకు పనికిరావు. ఆడియాలజిస్ట్‌గా అక్కడ హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద పని చేయాలంటే వీసాస్క్రీన్ అని ఆరోగ్యరంగం వాళ్ళకి విడిగా ఒక సర్టిఫికెట్ కావాలి, పని చేసే రాష్ట్రంలో లైసెన్స్ కావాలి. చదువయ్యాక ఎన్నాళ్ళు పనిచేసుకోనిస్తారు, స్టెమ్ పొడిగింపు (సైన్స్, టెక్నాలజీ కోర్సులకి ఇచ్చే అదనపు పని గడువు) ఆ కోర్సుకి ఉందా లేదా అని ప్రతి కాలేజీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే నాన్నగారిని లోన్ మాట ఎత్తనివ్వు.

మూడోది నాకు అన్నిటికన్నా పెద్దది. మన దగ్గర కేసులు చూడు. మేనరికాలు ఇంకా ఉన్నాయి, పుట్టుకతో వినపడని పిల్లలు వస్తూనే ఉన్నారు. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, 3 నెలల్లోపు బెరా (శబ్దానికి వినికిడి నరం స్పందన చూసే పరీక్ష) చేసి తేల్చడం, 6 నెలల్లోపు వినికిడి మిషన్ పెట్టడం అని పుస్తకంలో చదువుకున్నాం, నా దగ్గరికి మాత్రం "మాటలు రావట్లేదండీ, వాళ్ళ నాన్నకీ లేటుగానే వచ్చాయంట" అని రెండేళ్ళు దాటాక తీసుకొస్తారు. ఎన్‌ఐసీయూలో కామెర్లు ఎక్కువైన బిడ్డలకి ఓఏఈ (లోపలి చెవి పరీక్ష) పాస్ వచ్చేసరికి సంతోషంగా ఇంటికి తీసుకెళ్తారు, బెరా చేస్తే అసలు వేవ్ ఉండదు, అది ఆడిటరీ న్యూరోపతీ (లోపలి చెవి పనిచేసినా శబ్దం నరం దగ్గర సరిగ్గా అందకపోవడం) అని పట్టుకునేవాళ్ళు జిల్లాల్లో ఎంతమంది? ఎమ్మెస్సీలో నేర్పేది ఇదే, నీ భాష మాట్లాడే పేషెంట్ మీద నేర్పుతారు, డిసర్టేషన్ రాయిస్తారు, రేపు కాలేజీలో పాఠం చెప్పాలన్నా పీహెచ్‌డీకి వెళ్ళాలన్నా అదే దారి.

తెనాలి_నాన్న

నేను ఆడియాలజిస్టుని కాదండీ, పేరెంట్‌ని. మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా బాబుకి ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ అయ్యింది. ఆపరేషన్ అయిపోగానే వినపడిపోద్ది అనుకున్నాం మేము, అందరూ అలాగే అనుకుంటారు. అసలు పనంతా ఆ తర్వాతే అండీ, మ్యాపింగ్, థెరపీ, మళ్ళీ మ్యాపింగ్, ఏళ్ళ తరబడి. మేం వెళ్ళిన ఒక చోట మ్యాపింగ్ చేసే మేడమ్ గారు వెళ్ళిపోయారు, తర్వాత వచ్చినాయన కొన్నాళ్ళే ఉన్నారు, మా వాడు కొత్త మనిషి దగ్గర కూర్చోడు, శబ్దం ఎక్కువైందో తక్కువైందో చెప్పడు, ఏడుస్తాడు. వాడి ముఖం చూసి ఎక్కువైందని కనిపెట్టే మనిషి కావాలి, అది కంప్యూటర్‌లో నంబర్ చూస్తే రాదు. బ్రాడీపేట అమ్మాయ్, నువ్వు ఎక్కడ చదువుకున్నా నీ ఇష్టం తల్లీ, కాకపోతే చదివిన వాళ్ళందరూ వెళ్ళిపోతుంటే మా లాంటి వాళ్ళం హైదరాబాద్ బస్సెక్కాల్సి వస్తుంది.

ఒహాయో_తెలుగబ్బాయి

తెనాలి అన్నా, మీ బాధ నాకు అర్థమైంది, కానీ జీతాలు సరిగ్గా ఇవ్వకుండా కాంట్రాక్ట్ మీద పెట్టుకుని పిల్లలు ఎందుకు ఉండట్లేదు అంటే ఎలా? ఆ భారం 22 ఏళ్ళ అమ్మాయి మీద పెట్టకూడదు. మైసూర్ అక్కా, మొదటి ఏడాది రిపీట్ అవుద్ది అన్నది నిజం, నాకూ అయ్యింది, అయితే బీఏఎస్ఎల్పీ చేసి వచ్చినవాళ్ళకి క్లినిక్‌లో ముందే చెయ్యి తిరిగి ఉంటది కాబట్టి మంచి ప్లేస్‌మెంట్లు దొరుకుతాయి. ఇంకోటి, అమెరికా కాకపోతే ఇక్కడే అన్నట్టు మాట్లాడుతున్నారు, ఆస్ట్రేలియాలో మాస్టర్స్ 2 ఏళ్ళే, దాని సంగతి ఎవరూ ఎత్తరేంటి?

మిషన్లు_పెట్టే_అన్న

నేను బెజవాడలో హియరింగ్ ఎయిడ్ సెంటర్‌లో చేస్తాను, బీఏఎస్ఎల్పీయే, ఎమ్మెస్సీ లేదు. మా పనిని లెక్కలోకి తీసుకోకుండా ఇద్దరూ కొట్టుకుంటున్నారు. అమ్మా, ఏడాది పని చేసి అప్లై చెయ్యి, ఇండియా అయినా అమెరికా అయినా. ఎందుకంటే నీకు ఇంతవరకు పేషెంట్ అంటే ఆ రోజు వచ్చి వెళ్ళిపోయే మనిషి. మిషన్ పెట్టించుకున్న తాతగారు వారానికే వచ్చి "గిన్నెల చప్పుడు తలలో కొడుతుందమ్మా, మనవరాలి మాట మాత్రం అర్థం కాట్లేదు" అంటే ఏం చేయాలో, డబ్బా బీరువాలో పెట్టేసిన ఆయన్ని మళ్ళీ పెట్టుకునేలా ఎలా ఒప్పించాలో పరీక్షల్లో రాదు. ఆటోనగర్ నుంచి బాడీ బిల్డింగ్ షెడ్ల వాళ్ళు వస్తారు, ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడినట్టు దిగి ఉంటది, చూడగానే రేకుల మీద సుత్తి దెబ్బలని తెలిసిపోతుంది, వాళ్ళకి మిషన్ అమ్మడం కన్నా ఇయర్ ప్లగ్ పెట్టుకోమని వాళ్ళ ఓనర్‌తో మాట్లాడటం ముఖ్యం, నేను మాట్లాడాను కూడా.

కానీ జాయిన్ అయ్యే ముందు సెంటర్‌ని నువ్వు ఇంటర్వ్యూ చెయ్యి. సౌండ్ ప్రూఫ్ గది నిజంగా ఉందా, ఆడియోమీటర్ ఏటా క్యాలిబ్రేషన్ చేయిస్తారా, మిషన్ పెట్టాక చెవిలో శబ్దం కొలిచే రియల్ ఇయర్ మెజర్‌మెంట్ ఉందా, ఊరికే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఫస్ట్ ఫిట్ (ఆటోమేటిక్ సెట్టింగ్) నొక్కి పంపించేస్తారా, నెలకి ఇన్ని అమ్మాలి అని టార్గెట్ ఉందా. టార్గెట్ ఉందంటే వెళ్ళకు, స్వల్ప లాస్‌కి కూడా ఖరీదైన మిషన్ అంటగట్టమంటారు.

మైసూర్_నుంచి_గుంటూరు

ఆ ప్రశ్నలు బాగా చెప్పారన్నా. నా భయం ఒక్కటే, ఏడాది అని వెళ్ళినవాళ్ళకి జీతం అలవాటవుతుంది, ఇంట్లో పెళ్ళి సంబంధాలు మొదలవుతాయి, ఇక ఎంట్రన్స్ పుస్తకం తెరవరు, నా బ్యాచ్‌లో కళ్ళారా చూశాను. కాబట్టి ఈ ఏడాదే ఎంట్రన్స్ రాసెయ్యి, సీటు వస్తే చేరిపో, రాకపోతే అప్పుడు ఉద్యోగం చేస్తూ మళ్ళీ రాయి. ఏది చేసినా ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ రాగానే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ చేయించుకో, అది లేకుండా ఇక్కడ ఎవరి చెవికీ మిషన్ పెట్టే హక్కు లేదు, 1992 చట్టం. విదేశాలకి వెళ్ళినా దాన్ని రెన్యువల్ చేసుకుంటూ ఉండు.

బ్రాడీపేట_అమ్మాయి

అందరికీ థాంక్స్ అండీ, నాన్నకి కూడా ఈ పేజీ చూపించాను, వీసాస్క్రీన్ సంగతి ఆయనకి అసలు తెలియదు. ఈ ఏడాది ఎంట్రన్స్ రాయడం మాత్రం ఖాయం చేసుకున్నా. అమెరికా మాట నాన్న వదల్లేదు, ఎమ్మెస్సీ అయ్యాకైనా వెళ్ళాలంటున్నారు. అందుకని ఒకటి అడుగుతున్నా, రికమండేషన్ లెటర్లు ఇప్పుడే తీసుకోవాలా? ఎస్‌ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో రాసే వ్యాసం) ఏం రాయాలి? మా సీనియర్ ఒకావిడ రాసింది చూస్తే చిన్నప్పటి నుంచి సేవ చేయాలని ఉండేది అని మొదలుపెట్టింది.

ఒహాయో_తెలుగబ్బాయి

అలా మొదలుపెట్టకు చెల్లీ, అప్లై చేసే సగం మంది అదే రాస్తారు. నువ్వు చూసిన ఒక్క కేసు తీసుకో, పేరు, ఊరు లేకుండా. ఏ టెస్ట్ చేశావు, రెండు టెస్టులు ఒకదానికొకటి కలవకపోతే ఏం ఆలోచించావు, మేడమ్ ఏం సరిచేశారు, ఆ తర్వాత నీకు ఏం నేర్చుకోవాలనిపించింది, ఆ నేర్చుకోవాల్సింది ఈ కాలేజీ క్లినిక్‌లో ఎక్కడ ఉంది, అంతవరకు రాస్తే చాలు.

మైసూర్_నుంచి_గుంటూరు

ఈ విషయంలో తమ్ముడితో పూర్తిగా ఏకీభవిస్తున్నా. లెటర్ల సంగతికొస్తే, నువ్వు పేషెంట్ ముందు కూర్చుని ఉండగా పక్కన నిలబడి చూసిన సూపర్‌వైజర్‌ని అడుగు, హెచ్‌ఓడీ హోదా చూసి అడగొద్దు, ఆయనకి నీ ముఖం కూడా గుర్తుండకపోవచ్చు. ఇంటర్న్‌షిప్ అయ్యేలోపే అడిగెయ్యి, నువ్వు చూసిన కేసుల లాగ్ బుక్ జిరాక్స్ తీసి వాళ్ళకి ఇవ్వు, దాన్ని చూసి రాస్తారు. పోర్టల్‌లో లెటర్ వాళ్ళే అప్‌లోడ్ చేయాలి, నీ చేతికి ఇవ్వరు, కాబట్టి వాళ్ళు ఎప్పుడూ చూసే మెయిల్ ఐడీ ఏదో కూడా ఇప్పుడే అడిగి రాసుకో.