చర్చిలో చప్పట్లు కొట్టి గట్టిగా స్తుతిస్తే తప్పా?

పత్తిచేను (నాగర్‌కర్నూల్ వైపు):
అందరికీ వందనాలు. మా అత్తగారి వాళ్ళది మూడు తరాల పాత సంఘం, పెళ్ళయినప్పటి నుంచి నేనూ అక్కడికే పోతున్నా. నిలబడి కీర్తన పాడతాం, కూర్చుంటాం, వాక్యం, కానుక, ఆశీర్వాదం, పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉంటాం. నాకు దాంతో ఎప్పుడూ ఇబ్బంది లేదు, నిజం చెప్పాలంటే బాగుంటుంది కూడా. పోయిన నెల మా చిన్నోడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు మస్తు పడిపోయి తొమ్మిది రోజులు దవాఖానలో ఉన్నాం, రెండు రాత్రులు వాడు దక్కుతాడో లేదో తెలియలేదు. వాణ్ణి ఇంటికి తెచ్చాక వచ్చిన ఆదివారం చర్చిలో వాడు నా పక్కన నిలబడి పాడుతుంటే రెండో చరణం దగ్గర నా వల్ల కాలేదు, చేతులు వాటంతటవే లేచాయి, స్తోత్రం తండ్రీ అని గట్టిగా అరిచాను, చప్పట్లు కొట్టాను, ఏడ్చాను. పాట ఆగిపోయింది. ఆరాధన అయ్యాక మా చిన్నమామ (సంఘ పెద్ద) పక్కకు పిలిచి "ఇది మన పద్ధతి కాదమ్మా, సమస్తం క్రమంగా జరగాలని బైబిల్లో పౌలు రాసిండు" అన్నాడు. మా ఆయనేమో ఇంట్లో ఎంతైనా అరుచుకో, అక్కడ వద్దు అంటాడు. అత్తమ్మ మూడు రోజులు సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు చర్చికి పోతే ముందు చేసే పని, కొంగులో చేతులు ముడుచుకోవడం. నేను చేసింది తప్పా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జడ్చర్ల తమ్ముడు:
తప్పేం లేదక్కా. బైబిల్లోని 150వ కీర్తన మీ చిన్నమామతోనే చదివించు. బూర, సితార, తంబుర, నాట్యం, పిల్లనగ్రోవి, తాళాలు అన్నీ ఉన్నాయి, గమ్మున కూర్చోండని ఒక్క మాట లేదు. 47వ కీర్తన అయితే మొదలవ్వడమే చప్పట్లతో. దావీదు రాజు దేవుని మందసం ముందు నాట్యమాడుతుంటే కిటికీలోంచి చూసి ఆయన భార్య మీకాలు మనసులో హీనపరిచింది, చివరికి ఏమైంది? చనిపోయేదాకా పిల్లలు లేకుండా పోయింది. మీ సంఘం నిండా మీకాలులే ఉన్నట్టున్నారు 😀

రిటైర్డ్ పంతులు (దేవరకొండ):
తమ్ముడూ, ప్రతిసారీ మీకాలును తెచ్చి పెద్దవాళ్ళ మీద వేయడం ముందు ఆపండి. 2 సమూయేలు 6 మళ్ళీ చదవండి, రాజు అయ్యుండి దాసీల కళ్ళెదుట పరువు తీసుకున్నాడని ఆమె కోపం. అది హోదా గొడవ.

అమ్మా, నువ్వు చేసింది తప్పు కాదు. కానీ మీ చిన్నమామ భయం ఎక్కడిదో నాకు తెలుసు, అది నా ఇంట్లోనూ ఉండేది. మా తాత డప్పు కొట్టేవాడు. ఊర్లో చావైనా, ఎల్లమ్మ పండుగైనా మా ఇంటి డప్పే మోగాలి, ఇష్టముండి కాదు, వెట్టి. బాప్తిస్మం తీసుకున్నాక డప్పు అటకెక్కించాడు, దొర మనిషిని పంపినా పోలేదు, ఆ ఏడు ఎవరూ కూలికి పిలవలేదని మా నాయన చెప్పేవాడు. నల్లగొండకు 1890 ప్రాంతంలో వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. అలాంటి మిషన్ల చేతుల్లో పెరిగిన సంఘాల్లో ఉతికిన చొక్కా వేసుకుని బెంచీ మీద నిమ్మళంగా కూర్చోవడమే మావాళ్ళకు విడుదల. ఎవడి ముందూ ఎగరనక్కర్లేదు, ఎవడి కోసమూ అరవనక్కర్లేదు. అందుకే చర్చిలో కేక వినబడితే పెద్దవాళ్ళకు మళ్ళీ వెనక్కి గుంజినట్టు ఉంటుంది. వాళ్ళను స్తుతి తెలియనివాళ్ళు అనకండి.

అయితే మీ చిన్నమామను ఒకటి అడుగు. పాత కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగం, తాళం అని వేసి ఉంటుంది కదా. అందులో ఎన్నో పాటలు రాసిన పురుషోత్తమ చౌధరి 1803లో పుట్టినవాడు, ఏ కొత్త చర్చికీ పోలేదు. ఆది తాళం అని అచ్చేసి ఉన్నప్పుడు ఆ తాళం చేత్తో కాక దేనితో వేస్తారు?

మా సంఘంలో ఇప్పుడు క్రిస్మస్ రాత్రి పిల్లలు డప్పు కొడుతున్నారు. మొదటి ఏడు నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. రెండో ఏడు గేటు దగ్గర నిలబడి విన్నాను.

పాలమూరు అక్క:
నాది దీనికి తిరగబడ్డ కథ. మా చర్చిలో చప్పట్లు, గంతులు, నాలుగు పెద్ద స్పీకర్లు, నాకవన్నీ ఇష్టమే. కానీ మా ఆయన చనిపోయిన నెలలో నేను చేతులెత్తలేకపోయాను, నోట్లోంచి పాట రాలేదు, ఊరికే వచ్చి కూర్చునేదాన్ని. మైకులో "చేతులెత్తనివాళ్ళకు కృతజ్ఞత లేదు, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అంటున్నారు, పక్కనున్న చెల్లి నా మోచెయ్యి పట్టుకుని పైకి లేపింది. ఆమెది ప్రేమే, నాకు తెలుసు. ఆ చెయ్యి మాత్రం నాది కాదనిపించింది చెల్లీ. మిమ్మల్ని ఆపారు, నన్ను లేపారు, పెద్ద తేడా ఏముంది?

ఆ రోజుల్లో బైబిల్ చదువుతుంటే ఒకటి కనబడింది. బిడ్డ కోసం ఏడ్చే హన్నా పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థన చేస్తే యాజకుడైన ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. పెంతెకొస్తు పండుగ నాడు యేసు శిష్యులు గట్టిగా దేవుని గొప్పకార్యాలు చెబుతుంటే కొందరు వీళ్ళు కొత్త మద్యం తాగారని ఎగతాళి చేశారు. గమ్మునున్నా తాగిందే, గట్టిగా అన్నా తాగిందే! ఏలీ అయితే నయం, తప్పు తెలిశాక ఆమెను సమాధానంగా వెళ్ళమని దీవించాడు. మీ చిన్నమామకూ ఆ టైం ఇవ్వండి.

జడ్చర్ల తమ్ముడు:
పంతులు గారూ, మీకాలు మాట వెనక్కి తీసుకుంటున్నా. డప్పు సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, ఇవాళ మా నానమ్మను అడుగుతా.

పత్తిచేను:
అందరికీ మస్తు థాంక్స్. పంతులు గారు రాసింది రాత్రి అత్తమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది, మా మామయ్యకు పాము కరిచి బతికినప్పుడు తనూ గట్టిగా అరిచి స్తుతించిందట, కాకపోతే చేనులో, ఎవరూ లేనప్పుడు. "చర్చిలో అరవాలని నాకు తోచలేదు బిడ్డా, తోచినా అరవకపోదును" అంది. నా మీద కోపం కాదట, పాట ఆగిపోయినప్పుడు అందరూ మా బెంచీ వైపు చూశారని సిగ్గట.

ఈ ఆదివారం కొంగు వదిలేసి నిలబడతా, చెయ్యి లేస్తే లేస్తుంది, లేకపోతే లేదు. తాళం ప్రశ్న మాత్రం చిన్నమామను అడుగుతా పంతులు గారూ. ఎవరు చెప్పారంటే చెప్పనులెండి.